మూడో అతుకులో చప్పుడు

హిల్లెవి రూడిన్ ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు చట్రాన్ని వేలి మెటికలతో రెండు దెబ్బలు కొట్టి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తుంది. "తలుపుకు జ్వరమేమైనా ఉందా డాక్టరమ్మా?" అని ఆమెను ఏడిపించని వాళ్ళు మా ఊరు హెల్వెస్టాలో లేరు. ఆమె నవ్వదు. "జ్వరం లేదు గానీ కింద చెమ్మ ఎక్కుతోంది, చూసుకో" అని బూట్లు విప్పుకుని లోపలికి వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ తలుపు అడుగున పుచ్చిపోయి ఉంటుంది. అప్పుడైనా ఆమె చెప్పింది నిజమేనని ఒప్పుకోవడానికి మా వాళ్ళకు నోరు రాదు.

నోరు రాకపోవడం మా వెస్టర్‌యొట్లాండ్ మైదానంలో పుట్టుకతో వచ్చే జబ్బు. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. మా వాళ్ళ నోట్లో గుమ్మడికాయ వేసినా నాని, మొలకెత్తి, కాయ కాస్తుంది గానీ బయటికి రాదు. పక్కింటి కొట్టం అంటుకుంటే కూడా, వాళ్ళకు తెలిసే ఉంటుందిలే, మనం చెప్పడమేం బాగుంటుంది అని ఆలోచించే జాతి. దీన్ని మర్యాద అనుకుంటాం మేము. నేను ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న మాట వేరు, అది ఈ కథ విన్నాక మీరే అనుకోండి.

హిల్లెవికి ఎనిమిదేళ్ళప్పుడు, మంచు కరిగే రోజుల్లో, తల్లి ఆస్తా పశువుల కొట్టంలో పాలు పితుకుతుంటే నెత్తిమీది దూలంలోంచి చప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్. కాసేపు ఆగి, మళ్ళీ టిక్, టిక్, టిక్. ఆమె పాల బిందె వంటింట్లో దించి, "దూలంలో గడియారం కొడుతోంది" అని మాత్రం అంది. బంగాళాదుంపలు ఒలుస్తున్న నాయనమ్మ కత్తి కింద పెట్టేసింది. చెక్కలో గడియారం కొట్టిందంటే ఆ ఇంట్లో ఒకరికి కాలం దగ్గరపడిందని అర్థం. దానిపేరే చావు గడియారం. ఇందులో వాదించడానికేమీ ఉండేది కాదు.

ఆ వసంతమంతా ఇంట్లో ఎవరు దగ్గినా మిగతావాళ్ళు తలలు తిప్పి చూసేవారు. అందరికన్నా పెద్దది కనుక తన వంతే అనుకుని నాయనమ్మ మెడలో గొలుసు తీసి కోడలికిచ్చింది. ఆస్తా పట్నం వెళ్ళి నల్లగుడ్డ కొనుక్కొచ్చింది. జూలైలో అటకనిండా గడ్డి ఎక్కించాక, సర్దడానికి హిల్లెవి తండ్రి ఎవర్ట్ పైకెక్కాడు. దూలం విరిగి, గడ్డితో సహా రాతి నేలమీద పడ్డాడు. తమ్ముడు తొర్కెల్ అప్పటికింకా ఉయ్యాల్లో ఉన్నాడు.

"గడియారం అబద్ధమాడదు" అంది ఊరు. అంత్యక్రియల్లో ఆస్తా చేతులు పట్టుకున్నవాళ్ళ మొహాల్లో జాలి ఉంది గానీ, దాంతోపాటు ఏదో గౌరవం కూడా ఉంది. విరిగిన దూలాన్ని కోసి పొయ్యిలో పెట్టారు. కోస్తున్నప్పుడు హిల్లెవి దగ్గరే ఉంది. దూలం లోపలంతా పిండి. చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగింది. ఆ పిండేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు. తర్వాత బళ్ళో ఆమె నడిచి వెళుతుంటే పిల్లలు పెన్సిల్‌తో బల్లమీద కొట్టేవారు, టిక్, టిక్, టిక్ అని. టీచరు వినీ విననట్టు ఊరుకునేది.

ఆ పిల్ల పెరిగి చెక్కపని నేర్చుకుంది, లెక్కలు నేర్చుకుంది, చివరికి చెక్క గాలిమరలకు అతుకులు గీసే మనిషైంది. కరెంటు తీసే గాలిమర స్తంభమంటే మామూలుగా ఉక్కుతో చేస్తారు. మావాళ్ళు చెక్కతో నిలబెట్టారు. దేవదారు మానును కాగితాల్లా పలచగా చీల్చి, పొరమీద పొర అంటించి, వంపు తిరిగిన దిమ్మలు చేసి, వాటిని చుట్టూ కలిపి వలయంలా నిలిపి, వలయం మీద వలయం పేర్చుకుంటూ పోతారు. హెల్వెస్టా గుట్టమీద నిలబడ్డ స్తంభం ముందు మా చర్చి గోపురం మోకాలి ఎత్తు పిల్లాడు.

"చెక్క విరగదు. విరిగితే అతుకు విరుగుతుంది" అనేది హిల్లెవి. దిమ్మల అంచుల్లో లోతైన గాడులు కోసి, అందులో బెజ్జాలున్న ఉక్కు పలకలు దింపి, కింది రంధ్రంలోంచి జిగురు ఎక్కిస్తారు. జిగురు పలక బెజ్జాల్లోకి దూరి, గట్టిపడి, చెక్కనూ ఉక్కునూ ఒకటి చేస్తుంది. పై రంధ్రంలోంచి జిగురు పొంగి కారిందంటే గాడి నిండినట్టు. ఆ అతుకు హిల్లెవిది. దాని బొమ్మను చట్రం కట్టించి తన ఇంటి గోడకు పెట్టుకుంది. పెళ్ళి ఫొటోలు పెట్టుకునే చోట ఆమెకు అదే ఉండేది.

స్తంభం లేచిన రెండో ఏడు, నవంబరులో, మైదానమంతా పొగమంచు కప్పేసిన ఒక మధ్యాహ్నం ఆమె అతుకులు చూడటానికి ఒంటరిగా లోపలికి వెళ్ళింది. బయట స్తంభం కింది భాగమే కనిపిస్తోంది. పైనంతా ఉందో లేదో తెలియడం లేదు. రెక్కలు కూడా ఆగిపోయి ఉన్నాయి. లోపల దేవదారు వాసన, నిచ్చెన, చీకట్లోకి వెళ్ళిపోయే చిన్న దీపాల వరస. మూడో అతుకు దగ్గర మెట్టుపలక మీద నిలబడి చేతి తొడుగు తీసి చెక్క తడిమింది. ఆ నెలల్లో మధ్యాహ్నం మూడు గంటలు దాటితే మాకు పొద్దు వాలిపోతుంది. బయటి చలి చెక్కలోంచి మెల్లగా లోపలికి దిగుతోంది.

అప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్.

ఆమె ఊపిరి బిగబట్టింది. చప్పుడు ఇంకా దగ్గరగా వచ్చినట్టయింది, లోపలెవరో వేలితో లెక్కపెడుతున్నట్టు. "ఎవరది?" అంది. ఆగిపోయింది. ఆమె మాట్లాడకుండా నిలబడితే మళ్ళీ మొదలైంది. నిచ్చెన పట్టుకుని గబగబా కిందికి దిగింది. ఆఫీసుకు వచ్చి కంప్యూటర్ తెరిస్తే, స్తంభం ఎంత ఊగుతోందో చూపే గీతలన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నాయి. సరే, నా చెవుల్లోనే ఉంది, అమ్మ చెవులు నాకొచ్చాయి అనుకుంది. ఎవరికి చెబుతుంది? చావు గడియారం విన్న ఆస్తా కూతురు, యాభై దాటాక, తన అతుకులోనే చావు గడియారం విన్నదని చెప్పుకుంటుందా? బళ్ళో పెన్సిళ్ళ చప్పుడు ఇంకా చెవిలో ఉండగానే?

ఆ చలికాలం ఆమె మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఒక్కోసారి ఏమీ ఉండేది కాదు. ఒక్కోసారి ఆమె నిచ్చెన ఎక్కుతుండగానే, ఆమె కోసం కాచుకున్నట్టు, పైనుంచి మొదలయ్యేది. ఒక విచిత్రం కూడా గమనించింది. స్తంభం లోపలికి ఎవరొచ్చినా ఏదో ఒక మోత వెంటబెట్టుకుని వస్తున్నారు. జిగురు పని చేసే పెంట్టి భుజాన రేడియో వేలాడేసుకుని, పాత డ్యాన్సు పాటలు చెవులు చిల్లులు పడేలా పెట్టేవాడు. పని చూసే ఇంగలిల్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే ఎక్కేది; ఫోన్ అందని చోట చర్చి పాట అందుకునేది. ఆవిడ గొంతు విన్న దేవుడు కూడా చెవులు మూసుకోవాల్సిందే. వీళ్ళకు ఇంత సంబరమేమిటో హిల్లెవికి అర్థమయ్యేది కాదు.

మోత లేకుండా ఎక్కేవాడు ఆమె తమ్ముడు తొర్కెల్ ఒక్కడే. పైన యంత్రానికి నూనె పెట్టి, బోల్టులు బిగించేది అతనే. నెమ్మదస్తుడు, పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు ఎప్పుడూ ఎలుగుబంటి గుహలా ఉండేది. అలాంటివాడు క్రిస్మస్ వెళ్ళగానే ఇల్లు శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. అటక ఖాళీ చేశాడు. సామాను నింపిన అట్టపెట్టెలు ఆదివారం సంతకు మోశాడు. చేపలవల పక్క ఊరివాడికిచ్చాడు. కుక్కను పొరుగింటి ముసలాయనకు అప్పగించాడు, "నేను ఎక్కువ బయటే ఉండాల్సొస్తోంది, దానికి తోడు కావాలి" అని.

హిల్లెవికి ఆనందం పట్టలేదు. నలభై దాటిన తమ్ముడికి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందనుకుంది.

"ఏరా, ఎవరైనా వస్తోందేమిట్రా ఇంటికి?" అని అడిగింది ఒకరోజు, తుడిచి మెరుస్తున్న కిటికీ అద్దాలు చూసి.

తొర్కెల్ చీపురు ఆపాడు. "వచ్చేట్టే ఉందక్కా" అన్నాడు.

"పేరైనా చెప్పవు?"

"వచ్చాక నీకే తెలుస్తుందిలే."

"సిగ్గు చూడు వెధవకి! నల్లగా ఉంటుందా, తెల్లగా ఉంటుందా?"

"చూడలేదింకా" అన్నాడతను. హిల్లెవి పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వడం ఆ ఏడు అదే మొదలు.

ఫిబ్రవరిలో పెద్ద మరమ్మతు పెట్టుకున్నారు. సోమవారం నుంచి వారమంతా తొర్కెల్ పైనే పని చేయాలి. సరస్సు మీంచి పెనుగాలులు లేచే కాలం అది. అంతకుముందు గురువారం హిల్లెవి ఇంకోసారి మూడో అతుకు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు చప్పుడు ఊరుకోవడం లేదు. మాట్లాడినా ఆగడం లేదు. ఆమె నేరుగా చెక్కకు చెవి ఆనించింది. చప్పుడు చెవిలోంచి పంట్లోకి దిగింది. కళ్ళు మూసుకుంటే కొట్టంలో దూలం కనిపించింది, కోతకు తెగిన చోట పిండి, ఆ పిండిలో తన చెయ్యి.

అప్పుడు ఆమెకు తెలిసింది. ఇన్నేళ్ళూ కళ్ళముందే ఉంది, చూడలేదు. ఆ వసంతంలో లెక్కపెట్టింది నాన్న రోజుల్ని కాదు. పురుగులు దూలాన్ని తింటున్నాయి, లోపల తలలతో కొట్టుకుంటున్నాయి, అంతే. దూలం పుచ్చిందని దూలమే చెప్పింది. ఇంటిల్లిపాదీ విన్నారు. విని నల్లగుడ్డ కొన్నారు గానీ, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నిచ్చెన వేసి దూలం చూడలేదు. గడియారం అబద్ధమాడదన్నారు. ఎలా ఆడుతుంది? దాన్ని నిజం చేయడానికి ఊరంతా చేతులు కట్టుకుని నిలబడింది కదా!

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం కింద భయం కూడా ఉంది. రెండూ నిజమైతే? అతుకూ పుచ్చి, మనిషికీ కాలం చెల్లితే? ఆమె చెవి తీసేసరికి చప్పుడు ఒక్కసారి వేగం పెరిగి, ఠక్కున ఆగింది.

గుట్ట కింద చెక్క గదిలో భోజనాలు అవుతున్నాయి. మా వైపు గురువారమంటే బఠాణీ పులుసు, తర్వాత అట్లు. పెంట్టి రేడియో బల్లమీద మోగుతోంది. హిల్లెవి మంచు బూట్లు విప్పకుండానే లోపలికొచ్చి నిలబడింది. అదే పెద్ద వింత, అందరూ తలెత్తారు.

"మూడో అతుకులో చప్పుడు వస్తోంది" అంది. "టిక్కు టిక్కుమని. నవంబరు నుంచి వింటున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. పెంట్టి చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. 

"నేను అక్టోబరు నుంచి" అన్నాడు పెంట్టి, పులుసు గిన్నెకేసి చూస్తూ. "మతి పోతోందనుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. చెవులు కడిగాడు. కడిగాక ఇంకా బాగా వినిపించింది."

"అందుకా ఆ దరిద్రపు రేడియో!"

"మరి? మా అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఆవిడకే కొడుతోందనుకున్నా. వినకపోతే కొట్టనట్టేగా అని…"

ఇంగలిల్ చెంచా వదిలేసింది. ఎర్రగా ఉండే మనిషి పాలిపోయింది. "నేను క్రిస్మస్ ముందు విన్నాను. ఇంత చదువు చదివి, గడియారం విన్నానని ఎలా చెప్పను? మీరంతా హాయిగా పాటలు పెట్టుకుని తిరుగుతుంటే నాకొక్కదానికే అనుకున్నా."

"నీ పాటలు విని మేమూ అదే అనుకున్నాం తల్లీ" అన్నాడు పెంట్టి.

తేలు కుట్టిన దొంగల్లా ఇంతమంది, నెలల తరబడి, ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగారు. హిల్లెవికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు ఆమె చూపు తమ్ముడి మీద పడింది. తొర్కెల్ పులుసులో ఆవపిండి ముద్ద కలుపుకుంటున్నాడు, ఇదంతా పక్క ఊరి సంగతన్నట్టు.

"ఒరేయ్, నువ్వో?"

"విన్నా."

"ఎప్పట్నుంచి?"

"నేనే మొదట విన్నాననుకుంటా. కిందటి సెప్టెంబరులో."

"మరి ఎందుకెక్కావురా రోజూ?"

"నాన్నకు కొట్టింది. ఇప్పుడు నాకు కొడుతోంది. దిగితే మాత్రం ఆగుతుందా?" అని చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "ఎక్కడున్నా ఒకటే కదక్కా. పని ఆపుకోవడమెందుకు?"

తుడిచిన అద్దాలు, సంతకు పోయిన పెట్టెలు, కుక్క. ముసలివాళ్ళు చావు ముందు ఇల్లు సర్దుకుంటారు మా దగ్గర, ఏ వస్తువు ఎవరికి చెందాలో దానిమీద పేరు రాసి పెడతారు, పోయాక పిల్లలకు చాకిరీ మిగలకూడదని. అది డెబ్భై దాటినవాళ్ళు చేసే పని. నలభై ఏళ్ళవాడు చేస్తుంటే పెళ్ళికూతురు వస్తోందనుకుని నవ్వింది తను. హిల్లెవి బల్ల చుట్టూ తిరిగి వచ్చి తమ్ముడి చెంప మీద ఒక్కటి కొట్టింది. పెంట్టి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. హెల్వెస్టాలో పెద్దమనిషిని పదిమందిలో కొట్టడం ఎవరూ చూసి ఉండరు.

"లే" అంది. "బరమా పట్టుకో. పైకి పద."

అట్లు అలాగే ఉండిపోయాయి. నలుగురూ ఎక్కారు, ఈసారి మోత లేకుండా. రెక్కలు ఆపేశారు. మూడో అతుకు దగ్గర హిల్లెవి చెవి ఆనించి, జరిగి, మళ్ళీ ఆనించి, ఒకచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. పెంట్టి బరమాతో సన్నటి రంధ్రం వేశాడు. అందులోకి తీగ దూర్చింది. తగలాల్సిన చోట జిగురు తగల్లేదు. తీగ వెళ్ళింది. ఇంకా వెళ్ళింది. వేళ్ళు చెక్కకు తగిలేదాకా ఖాళీయే.

జిగురు ఎక్కించే పంపు పని తగ్గుతుందని పక్కపక్కనున్న రెండు గాడులను చిన్న కాలువతో కలిపి గీసింది హిల్లెవి. ఒక గాడి నిండి, ఆ జిగురే కాలువగుండా అడ్డదారిన వచ్చి రెండో దాని పై రంధ్రంలోంచి పొంగింది. పెంట్టి పొంగడం చూసి నిండిందనుకున్నాడు. లోపల గాలి మిగిలిపోయింది. పట్టు లేని ఉక్కు పలక చలికి ముడుచుకున్నప్పుడల్లా చెక్కను గీరుకుంటూ కాస్త కాస్త జారుతోంది. జారినప్పుడల్లా ఒక టిక్కు. పెనుగాలి ఒక్కటి గట్టిగా కొట్టి ఉంటే ఆ పక్క అతుకు నిలువునా చీలేది. అప్పుడు ఊరు ఏమనేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

నెల రోజులు రెక్కలు తిరగలేదు. చెక్కకు వెచ్చదనం పట్టించి, ప్రతి గాడికీ విడిగా దారి చేసి, జిగురు నింపారు. మిగతా అతుకులన్నీ తొలిచి చూశారు. ఆ తర్వాత చలి బాగా పట్టిన ఒక సాయంత్రం వెళ్ళి విన్నారు. చెక్క చెక్కలాగే ఉంది. పెంట్టి మాత్రం దిగేటప్పుడు, "మరీ ఇంత నిశ్శబ్దం కూడా బాగాలేదు" అని గొణిగాడు.

ఆ ఆదివారం హిల్లెవి తమ్ముడింటికి వెళ్ళింది. తలుపు చట్రం కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపల మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతున్నాయి. ఒక బల్ల, ఒక ముక్కాలి పీట, రెండు కప్పులు, ఒక మంచం. ఆమెను పీటమీద కూర్చోబెట్టి తను కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు తొర్కెల్.

"నాకెందుకు చెప్పలేదురా? ఊరికి భయపడ్డావు సరే. నేను ఊరినా?"

"చెబుదామనే వచ్చాను ఒకసారి" అన్నాడు. "నువ్వు ఆ అతుకు బొమ్మకు దుమ్ము తుడుస్తున్నావు. నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. నీకు నవ్వు రావడమే తక్కువ కదక్కా. చావు ఎలాగూ తప్పేది కాదనుకున్నా. ఆ నవ్వు కూడా పోగొట్టడమెందుకని వెనక్కెళ్ళిపోయా."

  అతుకు గీసింది తను, కాలువ గీసింది తను, ఆ అతుకును చూసుకుని మురిసిపోతున్న తన మొహం చూసి తమ్ముడు చావడానికి సిద్ధపడ్డాడు. హిల్లెవి మొహం దాచుకోవడానికి ముందుకు వంగితే పీట ఊగింది. ఒక కాలు వదులైందేమో చూద్దామని, అలవాటు కొద్దీ, లేచి పీటను తిరగేసింది.

అడుగున తెల్ల టేపు ముక్క. దానిమీద తొర్కెల్ కుదురైన అక్షరాల్లో, హిల్లెవి, అని రాసి ఉంది.

 బల్ల అడుగున ఎవరి పేరుందో, మంచం అడుగున ఎవరి పేరుందో చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. గోటితో టేపు అంచు గీరబోయింది. తొర్కెల్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ అక్కా. ఎప్పటికైనా అది నీదే" అన్నాడు. "తొందరేముంది?"